కర్మణి వాక్యంలో ఫ్రేజల్ వెర్బ్: ఒక సంవాదం

ఇంగ్లీషులో కాల్, పుట్, లుక్, టేక్ వంటి అతి సామాన్యమైన క్రియలకు ఆఫ్, అప్, ఆఫ్టర్, ఇన్ వంటి చిన్నమాటలు చేరి, విడివిడిగా ఏ ఒక్కదానికీ లేని అర్థాన్ని ఇచ్చినప్పుడు ఆ జంటను ఫ్రేజల్ వెర్బ్ అంటారు. కాల్ అంటే పిలవడం, కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడం. పుట్ అంటే పెట్టడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. 1925లో వెలువడిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అనే గ్రంథంలో లోగన్ పియర్‌సాల్ స్మిత్ ఈ పేరును వాడుతూ, దీన్ని సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు. కర్తను ముందుంచే కర్తరి వాక్యాన్ని, పనికి లోనైనదాన్ని ముందుంచే కర్మణి వాక్యంగా, అంటే పాసివ్ వాయిస్‌గా మార్చినప్పుడు ఈ చిన్నమాటలు ఏమవుతాయన్నది పైకి చిన్న ప్రశ్నే అయినా, దానికి సమాధానం వెతికితే ఇంగ్లీషు వాక్యం ఎలా కట్టుబడి ఉంటుందో తెలుస్తుంది. ఈ విషయమై ఇక్కడ ఇద్దరు వాదిస్తున్నారు. ఒకరు కళాశాలలో చాలాకాలం వ్యాకరణం బోధించిన ఆచార్యులు. రూపమే సూత్రానికి ఆధారమని ఆయన పక్షం. మరొకరు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయిని. అర్థాన్ని పట్టించుకోని సూత్రం పిల్లలను తప్పుదోవ పట్టిస్తుందని ఆమె పక్షం.

ఆచార్యులు: ముందు సూత్రం స్థిరపడాలమ్మా, మినహాయింపుల సంగతి తరవాత. క్రియా చిన్నమాటా కలిసి ఒకే క్రియగా పనిచేస్తాయి కనక, వాక్యం మారినప్పుడు ఆ రెండూ కలిసే కదలాలి. ‘దే కాల్డ్ ఆఫ్ ద మ్యాచ్’ అన్నా, ‘దే కాల్డ్ ద మ్యాచ్ ఆఫ్’ అన్నా, కర్మణి వాక్యం ఒక్కటే: ‘ద మ్యాచ్ వాజ్ కాల్డ్ ఆఫ్’. పుట్ అప్ విత్, డూ అవే విత్, లుక్ డౌన్ అపాన్ వంటి మూడు మాటల క్రియల్లోనూ ఇదే నియమం; ‘ద కస్టమ్ వాజ్ డన్ అవే విత్’, అంటే ఆ ఆచారాన్ని తొలగించారు అన్న వాక్యంలో అవే, విత్ రెండూ తమ వరుసలోనే నిలిచాయి. క్రియకు మూడో రూపం వస్తుంది, ముందు ‘బి’ క్రియ చేరుతుంది, చిన్నమాట చెక్కుచెదరదు.

ఉపాధ్యాయిని: సూత్రం చక్కగానే ఉంది మాస్టారూ, కానీ రెండు వేరువేరు జాతులను అది ఒకే గాట కడుతోంది. రద్దు చేయడమనే అర్థంలో ‘కాల్ ఇట్ ఆఫ్’ అంటారు గాని ‘కాల్ ఆఫ్ ఇట్’ అనరు. చూసి నవ్వడమనే అర్థంలో ‘లాఫ్ ఎట్ హిమ్’ అంటారు గాని ‘లాఫ్ హిమ్ ఎట్’ అనరు. మొదటిదాంట్లో ఆఫ్ అనేది క్రియకు చెందిన నిపాతం, అంటే నామంతో సంబంధం లేకుండా క్రియార్థాన్ని మార్చే అవ్యయం. రెండోదాంట్లో ఎట్ అనేది ప్రిపొజిషన్, అంటే తన వెనక వచ్చే నామాన్ని క్రియతో కలిపే మాట. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి రాసిన బృహద్ వ్యాకరణం మొదటిరకానికే ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు ఉంచి, రెండోరకాన్ని ప్రిపొజిషనల్ వెర్బ్ అన్నది అందుకే.

ఆచార్యులు: ఆ భేదాన్ని ఎవరూ కాదనరు. అయితే ఆ భేదం కర్మణి వాక్యంలో దాదాపు మాసిపోతుందన్న సంగతిని కూడా గమనించాలి. ‘ఇట్ వాజ్ కాల్డ్ ఆఫ్’, ‘హి వాజ్ లాఫ్డ్ ఎట్’ అన్న రెండు వాక్యాలనూ పక్కపక్కన పెడితే పదక్రమంలో తేడా కనిపించదు. ఉచ్చారణలో మాత్రమే, మొదటిదాంట్లో ఊనిక ఆఫ్ మీద, రెండోదాంట్లో లాఫ్డ్ మీద పడుతుంది. రాతలో ఈ రెండు జాతులూ ఒకే రూపం ధరిస్తున్నప్పుడు, ఒకే సూత్రం చెప్పడంలో దోషమేముంది? పైగా విద్యార్థి చేసే అసలు తప్పు జాతిభేదం తెలియక వచ్చేది కాదు, చిన్నమాటను జారవిడవడం వల్ల వచ్చేది. ‘హి వాజ్ లాఫ్డ్ బై ఎవ్రీవన్’ అని రాసే విద్యార్థికి, ఎట్ ఎక్కడికీ పోదని, దాని వెనకే బై కూడా వచ్చి ‘లాఫ్డ్ ఎట్ బై ఎవ్రీవన్’ అవుతుందని గట్టిగా చెప్పే సూత్రమే మందు.

ఉపాధ్యాయిని: ఆ తప్పు ఎందుకు వస్తోందో చూడకుండా మందు వేయడం కుదరదు. తెలుగులో ‘అతన్ని చూసి నవ్వారు’ అన్నప్పుడు సంబంధాన్ని చెప్పే ప్రత్యయమూ ‘చూసి’ అన్న మాటా నామాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ నామం కర్త స్థానానికి వెళ్లిందంటే విభక్తి గుర్తు రాలిపోతుంది. ఆ అలవాటుతో వచ్చిన పిల్లవాడికి, హిమ్ అన్నది హి అయినప్పుడు ఎట్ కూడా రాలిపోవాలనిపించడం సహజం. పక్కపక్కన వచ్చే ఎట్, బై అతనికి ఒకే పనికి పెట్టిన రెండు మాటల్లా కనిపిస్తాయి. ఇంగ్లీషులో సంబంధాన్ని చెప్పే మాట నామాన్ని వదిలి క్రియ దగ్గరే ఉండిపోగలదన్న సంగతి అతనికి అర్థమైతే తప్పు దానంతటదే తగ్గుతుంది. అర్థం కాకుండా సూత్రం వల్లిస్తే, అది పనికిరాని చోట కూడా ప్రయోగిస్తాడు. ‘ద కార్ బ్రోక్ డౌన్’ అంటే కారు చెడిపోయిందని అర్థం; దాన్ని ‘ద కార్ వాజ్ బ్రోకెన్ డౌన్’ అని మార్చి సరిపోయిందనుకునే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

ఆచార్యులు: అక్కడ తప్పు సూత్రానిది కాదు, సూత్రాన్ని సగమే చదవడానిది. కర్మ లేని క్రియకు కర్మణి వాక్యం లేదన్నది మొదటి మెట్టు. చెడిపోవడమనే అర్థంలో బ్రేక్ డౌన్ అకర్మకం. బద్దలు కొట్టడమనే అర్థంలో అదే జంట సకర్మకం కనక ‘ద డోర్ వాజ్ బ్రోకెన్ డౌన్ బై ద పోలీస్’ అన్నది నిర్దుష్టమైన వాక్యం. విమానం గాలిలోకి లేవడమనే అర్థంలో టేక్ ఆఫ్‌కు కర్మణి లేదు. పాదరక్షలు విప్పడమనే అర్థంలో ‘ద షూస్ వర్ టేకెన్ ఆఫ్’ అనవచ్చు. నిఘంటువులో జంటను ఒకసారి చూసి వదిలేయకుండా, ఏ అర్థంలో దానికి కర్మ ఉందో చూడమని చెబితే ఈ చిక్కు తీరుతుంది.

ఉపాధ్యాయిని: అంటే చూడవలసింది అర్థాన్నే అని మాస్టారు ఇప్పుడే అంగీకరించారు. ఇక క్రియా చిన్నమాటా ఒకే పదమైపోయాయన్న మూలసూత్రానికి రుజువేమిటి? ‘లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ద మ్యాప్’ అని మధ్యలో ఒక క్రియావిశేషణాన్ని నిరాటంకంగా చొప్పిస్తున్నారు కదా. 2002లో వెలువడిన కేంబ్రిడ్జ్ వ్యాకరణంలో హడిల్‌స్టన్, పులమ్ ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరునే వాడకపోవడానికి కారణం, ఈ జంటలు వాక్యంలో ఒకే భాగంగా నిలవవన్న అభిప్రాయమే.

ఆచార్యులు: కర్తరిలో మధ్యన చోటుంటే ఉండవచ్చు, కర్మణిలో ఆ చోటు బిగుసుకుపోతుంది. ‘హి వాజ్ లాఫ్డ్ లౌడ్లీ ఎట్’ అని ఎవరూ రాయరు. ఇంతకన్న గట్టి నిదర్శనం ఇంకొకటి ఉంది. ‘దే పుట్ ద బుక్స్ ఆన్ ద టేబుల్’ అన్న వాక్యంలో పుస్తకాలను కర్త స్థానానికి తేవచ్చు, బల్లను తేలేము. ‘ద టేబుల్ వాజ్ పుట్ ద బుక్స్ ఆన్’ అన్నది ఇంగ్లీషే కాదు, ఎందుకంటే క్రియకూ ఆన్‌కూ మధ్య పుస్తకాలు అడ్డుగా ఉన్నాయి. మరి ‘దే టుక్ కేర్ ఆవ్ ద చిల్డ్రన్’ అన్నదాంట్లోనూ మధ్యన కేర్ అనే నామం ఉంది కదా అంటే, ‘ద చిల్డ్రన్ వర్ టేకెన్ కేర్ ఆవ్’ అని నిస్సంకోచంగా అంటారు. కేర్ అక్కడ స్వతంత్రత కోల్పోయి క్రియలో కలిసిపోయింది కనకనే ఇది సాధ్యమైంది. అన్‌కాల్డ్ ఫర్, అన్‌హెర్డ్ ఆవ్ వంటి విశేషణాలు చూడమ్మా. అవసరం లేని వ్యాఖ్యను అన్‌కాల్డ్ ఫర్ అంటారు, కానీ అన్‌కాల్ అనే క్రియే లేదు. కాల్డ్ ఫర్ మొత్తం ఒక ముద్ద అయితేనే దాని ముందు అన్ చేరగలదు.

ఉపాధ్యాయిని: టేక్ కేర్ ఆవ్ విషయంలో సగమే కలిసిపోయిందనడం ఇంకా న్యాయం. ‘గ్రేట్ కేర్ వాజ్ టేకెన్ ఆవ్ ద చిల్డ్రన్’ అని కేర్‌నే కర్త స్థానంలో కూర్చోబెట్టే రెండో కర్మణి వాక్యం కూడా ఉంది. టేక్ అడ్వాంటేజ్ ఆవ్ కూడా అలాగే రెండు విధాలా మారుతుంది. దృష్టి తప్పడమనే అర్థంలో లూజ్ సైట్ ఆవ్ మాత్రం ‘ద పర్పస్ వాజ్ లాస్ట్ సైట్ ఆవ్’ అన్న ఒక్క దారినే ఒప్పుకుంటుంది. ఈ కలయిక ఒక్కో క్రియలో ఒక్కో మేరకు జరిగిందన్నమాట. అది చరిత్ర చేసిన పని. ప్రాచీన ఆంగ్లంలో ఇలాంటి కర్మణి వాక్యాలు లేవు. విభక్తి ప్రత్యయాలు క్షీణించి పదక్రమం బిగుసుకుంటూ వచ్చిన మధ్య ఆంగ్ల దశలో, 13వ శతాబ్దం నుంచి ఇవి కనిపిస్తాయి. అప్పటినుంచి ఒక్కో జంటా తనదైన వేగంతో దగ్గరైంది.

ఆచార్యులు: చరిత్ర కూడా సూత్రానికే బలమిస్తోంది. క్రియా ప్రిపొజిషనూ దగ్గరైనకొద్దీ కర్మణి వాక్యం సులువవుతుంది. వైద్యుణ్ణి పిలిపించారు అనడానికి ‘ద డాక్టర్ వాజ్ సెంట్ ఫర్’ అంటారు, సెండ్ ఫర్ ఒక క్రియ అయిపోయింది కనక. ‘ఎ డిసిషన్ వాజ్ అరైవ్డ్ ఎట్’, నిర్ణయానికి వచ్చారు, అన్నది ఒప్పు. ‘ద స్టేషన్ వాజ్ అరైవ్డ్ ఎట్’ అన్నది చెల్లదు, ఎందుకంటే నిర్ణయం విషయంలో అరైవ్ ఎట్ ఒక క్రియ, స్టేషన్ విషయంలో ఎట్ కేవలం స్థలాన్ని చెప్పే ప్రిపొజిషన్.

ఉపాధ్యాయిని: అయితే పరుపును చూద్దాం. పడకగది తలుపు తీసి, ముడతలుపడిన దుప్పటిని, అణిగిన దిండును చూసినవాడు ‘దిస్ బెడ్ హాజ్ బీన్ స్లెప్ట్ ఇన్’ అంటాడు, అంటే ఈ మంచంమీద ఎవరో పడుకున్నారని. స్లీప్ ఇన్ ఇక్కడ కొత్త అర్థమిచ్చే జంట కాదు. ఇన్ కేవలం చోటు చెప్పే మాట, స్టేషన్ దగ్గరి ఎట్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అయినా వాక్యం నిక్షేపంగా ఉంది. అదే పదాలతో ‘హైదరాబాద్ వాజ్ స్లెప్ట్ ఇన్’ అంటే అర్థరహితం. పడుకోవడం వల్ల మంచానికి ఏదో అయింది, హైదరాబాదుకు ఏమీ కాలేదు. ఒక కుర్చీని గురించి ‘దిస్ చెయిర్ వాజ్ శాట్ ఇన్ బై గాంధీ’ అంటే చెల్లుతుంది, ఆ కూర్చోవడం కుర్చీకి ఒక విశిష్టత తెచ్చిపెట్టింది కనక. ఎవరో దారినపోయేవాడు కూర్చున్నాడని అలా అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కర్త స్థానంలోకి వచ్చిన వస్తువు ఆ పనివల్ల ప్రభావితం కావాలి, లేదా ఆ పని ఆ వస్తువును గురించి చెప్పుకోదగ్గ గుణం కావాలి. ‘ది ఫ్రేజల్ వెర్బ్ ఇన్ ఇంగ్లిష్’ అనే గ్రంథాన్ని 1971లో ప్రకటించిన డ్వైట్ బోలింజర్, ఆ తరవాత కర్మణి వాక్యాలను గురించి రాసినప్పుడు ఈ ప్రభావాన్నే కీలకంగా పరిగణించాడు.

ఆచార్యులు: మంచం ఉదాహరణకు ఒకే క్రియ అన్న సూత్రం జవాబు చెప్పలేదన్న మాట నిజమే. కానీ ఒకటి రెండు వాక్యాల కోసం సూత్రాన్ని వదులుకోవాలా?

ఉపాధ్యాయిని: రెండోవైపు నుంచి కూడా అది చిక్కులో పడుతోంది మాస్టారూ. టేక్ ఆఫ్టర్ అంటే పోలిక రావడం. ఇంతకన్న గట్టిగా కలిసిన జంట ఉండదు. అయినా ‘ద మదర్ ఈజ్ టేకెన్ ఆఫ్టర్ బై ద డాటర్’ అని ఎవరూ అనరు, కూతురికి తన పోలిక వచ్చినంత మాత్రాన తల్లికి జరిగిందేమీ లేదు కనక. అన్నిటికన్నా స్పష్టమైనది రన్ ఇంటూ. దీనికి అనుకోకుండా తారసపడడం అని ఒక అర్థం, ఢీకొట్టడం అని మరొకటి. ‘ద కార్ వాజ్ రన్ ఇంటూ బై ఎ లారీ’ అంటే లారీ వచ్చి కారును ఢీకొట్టిందని, వాక్యం సరిగ్గా ఉంది. ‘యాన్ ఓల్డ్ ఫ్రెండ్ వాజ్ రన్ ఇంటూ’ అని, పాత మిత్రుడు తారసపడ్డాడన్న అర్థంలో అనలేము. రెండింటిలోనూ జంట అదే, రూపం అదే. ఒకదాంట్లో దెబ్బ తగిలింది, మరొకదాంట్లో తగలలేదు.

ఆచార్యులు: ఇది బలమైన ఉదాహరణ, ఒప్పుకోవలసిందే. అయినా అర్థం ఒక్కటే చాలునంటే అదీ నిలవదు. పుస్తకాలు పెట్టిన బల్ల ప్రభావితం కాలేదా? బరువు మోస్తోంది, జాగా పోయింది. అయినా ‘ద టేబుల్ వాజ్ పుట్ ద బుక్స్ ఆన్’ అన్న వాక్యాన్ని ఏ అర్థమూ కాపాడలేదు. ఇచ్చిన మాట గుర్తుచేశారన్న వాక్యంలో ‘హి వాజ్ రిమైండెడ్ ఆవ్ ద ప్రామిస్’ అనే అనాలి. మాట ఎంత ముఖ్యమైనదైనా అది కర్త కాజాలదు. ఇంకొక సంగతి. జర్మన్‌లో ‘యూబర్ ఈన్ వుర్డ గెలాఖ్ట్’ అని, ప్రిపొజిషన్‌ను నామంతోనే ముందుకు తెచ్చి కర్త లేని కర్మణి వాక్యం చెప్పగలరు. అతన్ని చూసి నవ్వడం జరిగింది అని దాని భావం. ఇంగ్లీషులో ‘ఎట్ హిమ్ వాజ్ లాఫ్డ్’ అనడానికి వీల్లేదు. భావం రెండు భాషల్లోనూ ఒకటే. దారి ఏదో తేల్చింది రూపమే.

ఉపాధ్యాయిని: అది న్యాయమైన మాట. కర్మణి వాక్యం వాడడానికి హేతువు అర్థం ఇస్తుంది, అలా వాడడం సాధ్యమో కాదో రూపం నిర్ణయిస్తుంది. ఈ రెండిట్లో ఏది లేకపోయినా వాక్యం నిలవదు. అయితే ఆ చివర మిగిలిపోయిన ప్రిపొజిషన్‌ను చూసి భయపడే వ్యాకరణ సంప్రదాయం ఒకటి ఉంది, దాన్ని కూడా పాఠంలో చెప్పాలి. 1672లో జాన్ డ్రైడెన్ అంతటి కవి, బెన్ జాన్సన్ వాక్యాల్లో ప్రిపొజిషన్ చివర నిలవడాన్ని దోషంగా ఎత్తిచూపాడు. ఆ మాట తరవాతి తరాల బడి వ్యాకరణాల్లో ఆజ్ఞలా స్థిరపడింది. ఇతర వాక్యాల్లో దాన్ని తప్పించుకునే దారి ఉంది, ‘ద హౌస్ ఇన్ విచ్ హి లివ్డ్’ అని ముందుకు జరపవచ్చు. ‘ద చైల్డ్ వాజ్ లుక్డ్ ఆఫ్టర్’ అన్నదాంట్లో ఆఫ్టర్‌ను జరపడానికి చోటే లేదు. భయంతో దాన్ని కొట్టేసిన విద్యార్థి రాసేది ‘ద చైల్డ్ వాజ్ లుక్డ్’ అనే అసంపూర్ణ వాక్యం.

ఆచార్యులు: అందుకే పెద్దలు పోస్ట్‌పోన్డ్, టాలరేటెడ్, అబాలిష్డ్ వంటి ఒంటి మాటలు వాడమన్నారు. అధికారిక పత్రాల్లో అది హుందాగా కూడా ఉంటుంది.

ఉపాధ్యాయిని: పత్రాన్ని బట్టి ఆ మార్పు చేసుకోవచ్చు, తప్పుకు భయపడి మాత్రం చేయకూడదు. ‘ద ఎగ్జామ్ హాజ్ బీన్ పుట్ ఆఫ్’ అన్న వాక్యం నోటీసు బోర్డుమీద రెండు క్షణాల్లో అర్థమవుతుంది. అన్నట్టు కర్మణి రూపం ఒక పరీక్షగా కూడా పనికొస్తుంది. భారతీయ ఇంగ్లీషులో ‘డిస్కస్ ఎబౌట్ ద మ్యాటర్’ అనే అలవాటు విస్తారంగా ఉంది. ప్రామాణిక ఇంగ్లీషులో డిస్కస్ నేరుగా కర్మనే తీసుకుంటుంది, ఎబౌట్ అక్కర్లేదు. అలా రాసిన విద్యార్థిని అదే వాక్యాన్ని కర్మణిలోకి మార్చమంటే, చాలాసార్లు ‘ద మ్యాటర్ వాజ్ డిస్కస్డ్’ అనే రాస్తాడు, ఎబౌట్ ఊసే ఉండదు. చివర నిలవని మాట మొదట కూడా అవసరం లేదని తన వాక్యంతో తనే గ్రహించే అవకాశం అక్కడ ఉంది.

ఆచార్యులు: మంచి పద్ధతే. అయితే ఆ పరీక్ష పనిచేయాలంటే, ఉండవలసిన చిన్నమాట కర్మణిలో తప్పక నిలుస్తుందన్న సూత్రం అతనికి ముందుగా వచ్చి ఉండాలమ్మా.

ఉపాధ్యాయిని: వచ్చి ఉండాలి మాస్టారూ, కానీ ఆ సూత్రాన్ని అతను మంచం, లారీ వంటి ఉదాహరణల నుంచి తనే రాబట్టుకోవాలి.

ఈ ఇద్దరి మధ్య మిగిలిన భేదం బోధనాక్రమానికి సంబంధించినది. సూత్రం ముందా ఉదాహరణలు ముందా అన్నదాంట్లో ఎవరి పట్టు వారిది. విషయంలో మాత్రం ఇద్దరూ ఒక చోటికి చేరారు. ఫ్రేజల్ వెర్బును కర్మణిలోకి మార్చేముందు విద్యార్థి వరసగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఉద్దేశించిన అర్థంలో ఆ క్రియకు కర్మ ఉందా అన్నది మొదటిది. ఇక్కడే ‘ద కార్ బ్రోక్ డౌన్’ వంటివి ఆగిపోతాయి. క్రియకూ చిన్నమాటకూ మధ్య స్వతంత్రమైన నామం అడ్డుందా అన్నది రెండోది. ఇక్కడ బల్లమీది పుస్తకాలు ఆగిపోతాయి, క్రియలో కలిసిపోయిన కేర్ ముందుకు సాగుతుంది. కర్త స్థానంలోకి రాబోయేదానికి ఆ పనివల్ల ఏమైనా జరిగిందా, లేదా దాన్ని గురించి చెప్పుకోదగ్గది ఏమైనా ఉందా అన్నది మూడోది. ఇక్కడ తారసపడిన మిత్రుడు, పోలికనిచ్చిన తల్లి ఆగిపోతారు. ఈ మూడూ దాటి వచ్చిన వాక్యంలో చిన్నమాటను తాకకుండా, తన వరుస మార్చకుండా, బై అనే మాట అవసరమైతే దాని వెనకే చేర్చాలి.

మన పరీక్షల్లో వాక్యం ఇచ్చి కర్మణిలోకి మార్చమనే ప్రశ్న ఈ మూడింటిలో ఒక్కదాన్ని కూడా పరీక్షించదు, ఎందుకంటే మార్చదగిన వాక్యాన్నే ఎంచి ఇస్తారు. దానికి బదులు నాలుగైదు కర్తరి వాక్యాలు ఇచ్చి, వీటిలో ఏవి మారతాయో, ఏవి ఎందుకు మారవో చెప్పమంటే, ఆచార్యులు కోరిన రూపజ్ఞానమూ ఉపాధ్యాయిని కోరిన అర్థజ్ఞానమూ ఒకే జవాబులో బయటపడతాయి. ఏ విద్యార్థికి ఏది తెలియదో కూడా దిద్దేవారికి అక్కడే తెలుస్తుంది.